తాత పాత్ర చేసే మాస్టారు పోయారు. షో ఎలా నడపాలి?

బెజవాడ ఎడిటింగ్ రూమ్:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఎడిటింగ్ చేస్తుంటాను. ఒక లోకల్ కేబుల్ చానల్‌లో ఆదివారం వచ్చే కామెడీ సీరియల్ నా చేతి మీదుగానే వెళ్తుంది. అదే యూట్యూబ్‌లోనూ పెడతాం. కథంతా ఒక టీ బంకు దగ్గరే. ఆ బంకు ఓనరు తాతగా చేసే మాస్టారు మొన్న పోయారు. తెనాలి వైపు మనిషి, జీవితమంతా నాటకాలే. హరిశ్చంద్ర కాటి సీను పద్యాలు ఆయన నోట వినాలి. షాట్ గ్యాప్‌లో కుర్రాళ్లు అడిగితే "హార్మోనియం లేకుండా పద్యం ఏంట్రా, ఉప్పు లేని పప్పు" అని కసురుకుంటూనే ఎత్తుకునేవారు. డైలాగ్ చెప్పే ముందు టీ గ్లాసు మీద గోటితో టక్‌మని ఒకసారి కొట్టడం ఆయనకు అలవాటు. డైరెక్టర్ ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు. కట్ చేసుకోవడానికి నాకు మాత్రం అది భలే పనికొచ్చేది.

ఇప్పుడు రెండు ఎపిసోడ్లు షూట్ అయి ఉన్నాయి, డబ్బింగ్ కాలేదు. నా దగ్గరున్నది పైలట్ ట్రాక్ ఒక్కటే, అంటే షూటింగ్‌లో అక్కడికక్కడే రికార్డయిన గొంతు. అందులో ఫ్యాన్ మోత, బయట ఆటో హారన్లు, మధ్యమధ్యలో ఆయన దగ్గు. ప్రొడ్యూసర్ గారేమో మిమిక్రీ కుర్రాడితో చెప్పించేద్దాం అంటారు. డైరెక్టర్ వచ్చే వారం నుంచి "ఇకపై ఈ పాత్రలో ఫలానా" అని వేసి ఇంకో నాటకాల ఆయన్ని పెడదాం అంటాడు. చానల్ వాళ్లకైతే ఫోటోకి దండ, పక్కన దీపం, వెనక ఫ్లూట్, ఐదు సెకన్లు. అయిపోయింది.

నాకు మూడూ నచ్చలేదు. మన గుండు హనుమంతరావు గారినే తీసుకోండి, బెజవాడ మనిషి. జెమినీలో 2001లో అమృతం మొదలైంది. ఆ తర్వాత అమృతం పాత్ర చేసేవాళ్లు మారారు గానీ ఆంజనేయులు మాత్రం ఆయనే. 2018లో ఆయన పోయారు. 2020లో కొత్త అమృతం వచ్చినప్పుడు ఆ పాత్ర ఎల్.బి. శ్రీరామ్ గారు చేశారు. ఆయన పెద్ద నటుడు, అందులో మాట లేదు. మా అమ్మ మాత్రం రెండు నిమిషాలు చూసి, "ఈయన అంజి కాదులే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

వేరేచోట్ల ఇలాంటప్పుడు ఏం చేశారో, మీలో ఎవరికైనా ఈ పని అనుభవం ఉంటే ఏం చేశారో చెప్పండి.

బ్రాడీపేట టీచర్:

ముందుగా మాస్టారికి నమస్కారం. నేను గుంటూరులో చిన్నపిల్లలకు చెబుతాను కాబట్టి నాకు మొదట గుర్తొచ్చింది అమెరికా పిల్లల షో సెసమీ స్ట్రీట్. అందులో కొట్టు నడిపే హూపర్ గారి పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబరులో పోయారు. కొట్టు అమ్ముకుని ఎక్కడికో వెళ్లిపోయాడని చెప్పి వదిలేయొచ్చు, ఇంకో ముసలాయన్ని పెట్టొచ్చు. చూసేది మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలు, వాళ్లకేం తెలుస్తుంది అనుకోవచ్చు. కానీ వాళ్లు పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్లను పిలిచి మాట్లాడి, ఉన్నది ఉన్నట్టే చెప్పాలని నిర్ణయించుకున్నారు.

ఆ ఎపిసోడ్‌లో బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపు పక్షి అందరి బొమ్మలూ గీసి పంచుతుంటాడు. హూపర్ గారి బొమ్మ చేతిలో పట్టుకుని, ఆయన రాగానే ఇస్తానంటాడు. ఆయన చనిపోయాడు, ఇక రాడు అని పెద్దవాళ్లు చెప్పాలి. ఎందుకిలా జరగాలి అని ఆ పక్షి అడుగుతుంది. అంతే, అలా జరుగుతుంది, అంటారు. దేవుడి దగ్గరకు వెళ్లాడు, నక్షత్రమయ్యాడు లాంటివేవీ లేవు. అక్కడి నటుల కళ్లలో నీళ్లు గ్లిజరిన్‌వి కావు. 1983 నవంబరు 24న ప్రసారం చేశారు. అది వాళ్లకు పండగ సెలవు. పిల్లాడు ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి అమ్మానాన్నా ఇంట్లో ఉంటారని ఆ రోజు చూసుకుని మరీ పెట్టారు. ఆ బొమ్మ ఆ తర్వాత కూడా పక్షి గూటి దగ్గరే ఉంచారు.

మీ షో పిల్లలు కూడా చూస్తారు కదండీ. తాత ఎక్కడికెళ్లాడంటే ఊరెళ్లాడని మాత్రం చెప్పించకండి.

పటమటలంక 99:

అంత సెంటిమెంట్ అక్కర్లేదు బాస్. హిందీ కామెడీ సీరియల్ తారక్ మెహతా చూడండి. డాక్టర్ హాథీగా చేసిన కవి కుమార్ ఆజాద్ 2018 జులైలో పోయాడు. మొదట్లో ఆ పాత్ర చేసిన నిర్మల్ సోనీనే మళ్లీ తెచ్చారు. షో ఆగలేదు. మూడు వారాలైతే జనం అలవాటు పడిపోతారు. మీ టీ బంకు షోకి ఇంత టెన్షనా?

బెజవాడ ఎడిటింగ్ రూమ్:

@పటమటలంక 99, అలవాటు పడతారు, కాదనను. హాథీ విషయంలో వచ్చినాయన ముందే ఆ పాత్ర చేసి ఉన్నవాడు, జనానికి కొత్తేం కాదు. మాకలాంటి వాళ్లెవరూ లేరు. పైగా మా తాత మాటల్లో సగం రాసినవి కావు, మాస్టారి సొంతం. ఇంకొకాయన్ని పెడితే పాపం ఆయన అవి బట్టీ పట్టి చెప్పాలి.

అరండల్‌పేట పాత కెమెరా:

అమ్మాయ్, నీ పోస్టు నిన్న రాత్రే చదివాను. పొద్దున్నే టైప్ చేద్దామని ఆగాను, కళ్లజోడు లేకుండా ఫోన్‌లో కొట్టలేను.

కెమెరా పట్టుకుని ఇల్లు కట్టుకున్నవాణ్ణి, పని సంగతి ముందు చెబుతాను. నివాళి కార్డు ఎపిసోడ్ చివర వేయొద్దు. కేబుల్‌లో ఎండ్ టైటిల్స్ పడుతుండగానే యాడ్‌కి కట్ చేసేస్తారు. యూట్యూబ్‌లో చివరి 20 సెకన్లలో ఎండ్ స్క్రీన్ బాక్సులు పెట్టుకుంటారు కదా, మాస్టారి మొహం మీద "సబ్‌స్క్రైబ్" గుండ్రం వచ్చి కూర్చుంటుంది. మొదట్లోనే వెయ్యి, టైటిల్ సాంగ్ కంటే ముందు. నల్ల తెర మీద పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, చాలు. పేరులో అక్షరం తప్పు పోకుండా వాళ్ల ఇంట్లో వాళ్లకు చూపించు. ఆ ఫ్లూట్ మాత్రం వద్దమ్మా. అది మొదలవగానే జనం చెయ్యి రిమోట్ మీదకు పోతుంది.

ఇక పాత్ర సంగతి. అమెరికాలో చీర్స్ అని బారులో నడిచే కామెడీ ఉండేది. అందులో కోచ్ అనే ముసలి బార్‌మన్ వేషం వేసిన నికోలస్ కొలసాంటో 1985లో పోయాడు. అదే పాత్రలో ఇంకొకరిని పెట్టలేదు. కోచ్ చనిపోయాడని కథలోనే చెప్పి, బారులోకి వేరే పేరుతో, వేరే మనిషిగా ఒక కుర్రాణ్ణి తెచ్చారు. కొలసాంటో మేకప్ రూములో జెరోనిమో అనే రెడ్ ఇండియన్ వీరుడి ఫోటో ఉండేదట. దాన్ని తెచ్చి సెట్లో గోడకు తగిలించారు. ఎందుకు తగిలించారో కథలో ఎవరూ చెప్పరు. 1993లో ఆఖరి ఎపిసోడ్ ఆఖర్లో హీరో ఆ ఫోటో దగ్గరకు వెళ్లి, పక్కకు ఒరిగి ఉంటే సరిచేసి వెళ్తాడు. ఒక్క మాట లేదు. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి ఫోటో సర్దాడంతే. నన్నడిగితే దండలూ దీపాలూ దీని ముందు దిగదుడుపే.

మన దగ్గర పాడుతా తీయగా ఉంది. 1996 నుంచి బాలు గారే నడిపారు. 2020 సెప్టెంబరులో ఆయన పోయాక చరణ్ వచ్చాడు. జనం ఒప్పుకున్నారంటే కొడుకని మాత్రమే కాదు, నాన్నలా మాట్లాడాలని అతను చూడలేదు.

ఇంకొకటి, నీ పోస్టుకి సంబంధం లేకపోయినా చెప్పాలి. ఆర్టిస్టు పోతే అందరూ ఇలా ఆలోచిస్తారు. లైట్‌మన్ పోతే వాట్సాప్ స్టేటస్‌తో సరి. మా యూనిట్లో రిఫ్లెక్టర్ పట్టే ఆయన పోతే కార్డు వేద్దామన్నా ఒక్క ఫోటో దొరకలేదు. ఎప్పుడూ లైటు వెనకే ఉండేవాడు, ఎవరు తీస్తారు? చివరికి రష్‌లో, అంటే ఎడిట్ చేయని ఫుటేజీలో, వెతికితే, రిఫ్లెక్టర్ పట్టుకున్న చెయ్యి ఫ్రేములోకి వచ్చిందని పక్కన పడేసిన షాట్ ఒకటి దొరికింది. వేలికి ఆయన రాగి ఉంగరం కనబడుతోంది. ఆ చెయ్యి మీదే పేరు వేశాం. అమెరికా సీరియల్ వాకింగ్ డెడ్ షూటింగ్‌లో 2017లో పై నుంచి పడి పోయిన స్టంట్‌మన్ జాన్ బెర్నెకర్ పేరు వాళ్లు ఆ సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే వేశారు. మన దగ్గర ఎంతమందికి వేస్తున్నారు?

పటమటలంక 99:

సార్, ఆ చెయ్యి షాట్ సంగతి బాగుంది. ఇందాకటి నా మాట కొంచెం కటువుగానే వచ్చినట్టుంది.

డబ్బింగ్ తమ్ముడు:

అక్కా, మిమిక్రీ సంగతి నేను చెబుతాను, నా పొట్టకూడు అదే. కన్నడంలో పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరులో పోతే, 2022లో వచ్చిన జేమ్స్ సినిమాకి వాళ్లన్న శివరాజ్‌కుమార్ గొంతు ఇచ్చారు. సొంత అన్న కాబట్టి అక్కడ జనం దాన్ని కూడా నివాళిగానే తీసుకున్నారు. బయటి మిమిక్రీ వాడు చెబితే మాత్రం ఎంత బాగా చెప్పినా ఎగతాళి చేసినట్టే ఉంటుంది. స్టేజీ మీద చప్పట్లు కొట్టే గొంతు వేరు, పోయినాయన మొహం మీద కూర్చోబెట్టే గొంతు వేరు. నాకు ఈ పని వచ్చినా ఒప్పుకోను.

పైలట్ ట్రాకే వాడండి. ఫ్యాన్ మోత ఒకే రకంగా ఉంటుంది కాబట్టి నాయిస్ రిడక్షన్‌లో చాలావరకు పోతుంది. మరీ గట్టిగా తీయకండి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. హారన్లు పోవు, టీ బంకే కాబట్టి ఫర్లేదు. అర్థం కాని చోట కింద తెలుగులో డైలాగ్ వేసేయండి. దగ్గు మాత్రం తీయకండి అక్కా. మిగతా ఆర్టిస్టులు స్టూడియోలో శుభ్రంగా చెప్పి, ఆయనదొక్కటే మోతగా ఉంటే తేడా కొడుతుంది. అందుకని ఆ రెండు ఎపిసోడ్లకూ అందరిదీ పైలటే వాడితే నయం.

బెజవాడ ఎడిటింగ్ రూమ్:

@డబ్బింగ్ తమ్ముడు, అందరిదీ పైలట్ అనేది నాకు తట్టలేదు. రాత్రి ఒక సీను అలా చేసి చూశాను, నిజంగానే కలిసిపోయింది. ప్రొడ్యూసర్ గారికి అది చూపించి, డబ్బింగ్ ఖర్చు మిగులుతుందని చెప్పా. వెంటనే ఒప్పుకున్నారు. ఆయన్ని ఒప్పించాలంటే దారి అదొక్కటే లెండి.

@అరండల్‌పేట పాత కెమెరా, కార్డు మొదట్లోనే వేస్తున్నాను బాబాయ్. పూర్తిగా సైలెన్స్ పెడితే సౌండ్ పోయిందని కేబుల్ ఆఫీసుకి ఫోన్లు వస్తాయి. అందుకని కార్డు కింద ఆ పైలట్‌లోని ఫ్యాన్ మోతే వదిలేశాను. పేరు వాళ్లబ్బాయికి పంపితే ఇంటిపేరులో ఒక దీర్ఘం సరిచేసి పంపాడు.

డైరెక్టర్ ఇంకా పూర్తిగా దారికి రాలేదు. బంకు మనవరాలి చేతికి రావాలి, వేరే తాత ఉండకూడదు అని నేను. ముసలాయన లేకపోతే కామెడీ పండదని అతను. రేపు యూనిట్ మొత్తం కూర్చుంటున్నాం. టీచర్ గారూ, మీరు చెప్పిన హూపర్ ఎపిసోడ్ వాళ్లందరికీ చూపిస్తాను.

బంకు గోడకు ఫోటో పెట్టడం మాత్రం ఖాయం. హరిశ్చంద్ర వేషంలో మాస్టారి పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒకటి వాళ్లింట్లో ఉంది. కాకపోతే అద్దానికి అతుక్కుపోయింది, లాగితే మొహం దగ్గర చిరిగేలా ఉంది. అద్దంతో సహా మెరుపు పడకుండా కాపీ తీసి, పెద్ద ప్రింట్ వేసేవాళ్లు బీసెంట్ రోడ్డు వైపు ఎవరైనా ఉన్నారా? శనివారం లోపు కావాలి.

అరండల్‌పేట పాత కెమెరా:

షాపుకి ఇవ్వకు, వాళ్లు లాగేస్తారు. ఫోటో తీసుకుని గుంటూరు వచ్చెయ్యి. కిటికీ వెలుగులో నేను తీసి పెడతాను. రావడం మాత్రం పదిన్నర లోపు రా, ఆ తర్వాత మా ఇంట్లోకి ఎండ తిన్నగా కొడుతుంది.