ఎం340ఐ ఉంచుకోనా, ఇచ్చేసి ఇన్నోవా తీసుకోనా? (బెంగళూరు, 2021 మోడల్)

పెన్నతీరం:
అందరికీ నమస్కారం. ఉండేది బెళ్ళందూరులో, సొంతూరు తాడిపత్రి దగ్గర పల్లె. 2021 అక్టోబర్‌లో బీఎండబ్ల్యూ ఎం340ఐ తీసుకున్నా. షోరూం ధర 62.9 లక్షలు, రోడ్డు మీదికొచ్చేసరికి 79 అయింది. ఇప్పటికి 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఒక్కసారి కూడా నడిరోడ్డు మీద నిలబెట్టలేదు.

కిందటేడు నాన్నకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. కారు సీటేమో బాగా కిందికి. ఎక్కాలంటే ఒక చెయ్యి డోరు మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఈ అక్టోబర్‌తో ఆఖరు. టైర్లు నాలుగూ అరిగాయి. ఎక్స్ఛేంజ్‌లో 41 లక్షలు ఇస్తామంటున్నారు, ఈ నెల 31 దాకానే ఆ మాట. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ చూస్తున్నా. నెలకోసారి ఊరికి పోతాం, నేను, భార్య, ఇద్దరు పిల్లలు. మీరైతే ఏం చేస్తారు?

లెక్కలమనిషి:
ఇచ్చెయ్యి తమ్ముడూ. నాలుగేళ్ళు దాటిన బండికి ఇన్సూరెన్స్‌లో 50 శాతం తరుగు వేసి ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళ లెక్కలో బండి విలువ, కడతారు. రేపు పెద్ద దెబ్బ తగిలి టోటల్ లాస్ అయితే నీ చేతికొచ్చేది 31 లక్షల చిల్లర, బయట 41 పలికే బండికి! ఐదేళ్ళు దాటితే జీరో డెప్, అంటే పార్టుల మీద తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే పాలసీ, దొరకడం కూడా కష్టమే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద సెడాన్ల మీద పన్ను, సెస్‌తో కలిపి 48 శాతం ఉన్నది 40కి దిగింది. కొత్తది చవకైతే పాతది ఎవరు ఎక్కువ పెట్టి కొంటారు?

నా సంగతి చెప్తాను. నాదీ జర్మన్ బండే, పేరొద్దు. వారంటీ అయిపోయిన ఏడో నెలలో గేర్‌బాక్స్ మొరాయించింది. సర్వీస్ సెంటర్‌లో మొదట సాఫ్ట్‌వేర్ అన్నారు, తర్వాత వాల్వ్ బాడీ అన్నారు, చివరికి మొత్తం మార్చాలన్నారు. 6 లక్షల 20 వేలు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి కట్టాను. ఆ రోజు ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. వారంటీ లేని జర్మన్ బండి ఇంట్లో ఉండకూడదు.

ఆరుసిలిండర్లు:
అన్నా, మీ గేర్‌బాక్స్ కథ ప్రతి చర్చలోనూ చదువుతున్నాం. ఆయన అడిగింది వేరే బండి గురించి.

పెన్నతీరం, నీ దగ్గరున్నది బీ58 ఇంజిన్. మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు ఒకే వరసలో, 387 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు, సున్నా నుంచి వందకి 4.4 సెకన్లు. నాలుగు చక్రాలకీ పవర్ పోతుంది కాబట్టి వానలో కూడా చేతిలోనే ఉంటుంది. చెన్నై ప్లాంట్‌లో బిగించారు కాబట్టే ఆ ధరకి వచ్చింది, దిగుమతి అయివుంటే మనలాంటి వాళ్ళకి అందేది కాదు. 79లో 38 లక్షలు ఇప్పటికే పోయాయి. ఆ నష్టం తిన్నది నువ్వు, ఇక నుంచి ఏడాదికి పడే తరుగు తక్కువ. ఇప్పుడు ఇచ్చేస్తే సుఖపడేది కొనుక్కున్నవాడు.

ఇన్నోవాకి కూడా కర్ణాటకలో లైఫ్ టాక్స్ 18 శాతం, 20 లక్షలు దాటిన బండి కదా. 30 లక్షలదైనా 5 లక్షల 40 వేలు, సెస్ వేరే. 2021లో దీనికి 11 లక్షల పైన కట్టావు, నాలుగేళ్ళకే మళ్ళీనా?

2022లో ఇంట్లో పోరు పడలేక నా ఆక్టావియా ఆర్ఎస్ అమ్మేశాను. ఇప్పటికీ హొసూరు రోడ్డులో ఆ రంగు బండి కనబడితే నంబర్ ప్లేట్ వైపే చూస్తాను.

సర్జాపుర్‌వాసి:
పొద్దున 9 గంటలకి ఇబ్బలూరు జంక్షన్ దాటడానికే అరగంట. అంత పవర్‌కి ఇక్కడ చోటెక్కడుంది? అమ్మెయ్యండి.

ఘాట్‌రోడ్డు:
బీవైడీ సీల్ చూడు. టాప్ మోడల్ వందకి 3.8 సెకన్లు, 2024లో వచ్చినప్పుడు 53 లక్షలు. కరెంటు బండికి 25 లక్షలు దాటినా లైఫ్ టాక్స్ 10 శాతమే.

పెన్నతీరం:
దాని సీటు కూడా కిందికే కదన్నా. నాన్నకి మళ్ళీ అదే బాధ.

ఘాట్‌రోడ్డు:
సరే. అయితే ఎక్స్ఛేంజ్‌లో మటుకు ఇవ్వొద్దు, 41 మీద 18 శాతం జీఎస్టీ కోస్తారు.

ఆరుసిలిండర్లు:
తప్పు. వాడిన బండి మీద పన్ను డీలర్ మార్జిన్ మీదే. 41కి కొని 44కి అమ్మితే మధ్యలో ఉన్న 3 లక్షల మీద 18 శాతం, 54 వేలు. అదీ డీలర్ కట్టాలి, అమ్మే మనిషి కాదు.

ఘాట్‌రోడ్డు:
మా బావమరిది దగ్గర కోసుకున్నారు, కాగితం ఉంది.

ఆరుసిలిండర్లు:
అయితే పన్ను పేరు చెప్పి రేటు తగ్గించారు. చట్టం వేరు, బేరం వేరు.

ఘాట్‌రోడ్డు:
కాగితం మీద జీఎస్టీ అనే ఉంది. నేను చూసిందే చెప్తున్నా.

లెక్కలమనిషి:
మీ ఇద్దరూ ఆ 54 వేలు వదిలెయ్యండి. పెన్నతీరం, ఒక ముక్క అడుగుతాను. దీని మీద లోన్ ఇంకా ఉందా?

పెన్నతీరం:
ఉందన్నా. 55 లక్షలు, ఏడేళ్ళకి. నెలకి 86 వేలు పోతోంది. ఇంకా 25 లక్షలు కట్టాలి.

లెక్కలమనిషి:
ఈ మాట మొదటే రాయాలి కదయ్యా! రెండు రోజుల నుంచి 41, 41 అంటున్నాం. నీ చేతికొచ్చేది 16. దాంతో ఇన్నోవా కొంటే మళ్ళీ 20 లక్షల పైన అప్పు. బండి మారుతుంది, అప్పు మారదు. ఇచ్చెయ్యమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మార్చుకోవడం కాదు, అమ్మి అప్పు తీర్చి, మిగిలిన దాంట్లో ఎత్తుగా ఉండే సెకండ్ హ్యాండ్ బండి 8 లక్షల్లో తీసుకో.

ఆరుసిలిండర్లు:
86 వేలు కట్టగలుగుతున్నాడు కాబట్టే కడుతున్నాడు. నాలుగేళ్ళు ఒక్క కిస్తీ తప్పని మనిషికి బెదిరింపులు దేనికి? అమ్మి ఎనిమిది లక్షల బండి ఎక్కమని ఎంత తేలిగ్గా రాశారు! పల్లెలో పుట్టినవాడు మంచి బండి నడిపితే మీకెందుకు అంత కష్టం?

లెక్కలమనిషి:
కష్టమా? 2023 జనవరిలో మా టీమ్ మొత్తాన్ని ఒక మెయిల్‌తో పంపేశారు. ఏడు నెలలు ఖాళీ. ఆ ఏడు నెలలూ కారు కిస్తీ కట్టడానికి మా నాన్న పెన్షన్ తీసుకున్నాను. నేను రెండు రోజులుగా గేర్‌బాక్స్ అంటున్నది దీని గురించే. గేర్‌బాక్స్ పోతే బాగుచేయించుకోవచ్చు. ఉద్యోగం పోయినప్పుడు బండి అమ్ముదామని వెళ్తే, మన అవసరం మన మొహం మీదే చదివేస్తారు. 11 లక్షలు తక్కువకి ఇచ్చాను.

ఆరుసిలిండర్లు:
ఆ మాట ముందే చెప్పి ఉంటే నేనలా రాసేవాణ్ణి కాదు. క్షమించండన్నా. కానీ నా అభిప్రాయం మారలేదు. ఏదో అవుతుందని భయపడి ఇష్టమైనవన్నీ ముందే అమ్ముకుంటూ పోతే ఇక సంపాదించడం దేనికి?

రాగిసంకటి:
తమ్ముడూ, నీ మొదటి పోస్టు మళ్ళీ చదివాను. నాన్న మోకాళ్ళన్నావు, వారంటీ అన్నావు, టైర్లన్నావు. నిజంగా అమ్మాలనుకునేవాళ్ళు లోన్ సంగతి ముందు చెప్తారు. నీకు అమ్మాలని లేదు, ఉంచుకోవడానికి ధైర్యమూ లేదు. అసలు ఏం జరుగుతోంది?

పెన్నతీరం:
అక్కా, నవంబర్‌లో మా టీమ్ సగమైంది. నేను మిగిలాను. ఎన్నాళ్ళో తెలీదు.

ఇంకోటి కూడా ఉంది. డౌన్ పేమెంట్ 24 లక్షలు కట్టాం కదా, అందులో 12 నాన్నవి. ఊళ్ళో రెండెకరాలు అమ్మి ఇచ్చాడు. నేను అడగలేదు, కానీ వద్దనీ అనలేదు. ఆ ఏడాది దసరాకి బండి ఇంటి ముందు పెట్టినప్పుడు వీధి వీధంతా వచ్చింది. నాన్న తన కండువాతో దుమ్ము తుడిచాడు. ఇప్పుడూ ఎప్పుడు పోయినా తుడుస్తాడు, మోకాలు నొస్తున్నా సరే. నేను 41కి ఇచ్చేస్తే ఆ చేను ఏమైనట్టు? ఈ మాట నా భార్యకి కూడా చెప్పలేదు.

లెక్కలమనిషి:
తమ్ముడూ, చేను 2021లోనే పోయింది. బండి ఉంచుకుంటే తిరిగిరాదు.

రాగిసంకటి:
ఆ లెక్క ఆయనకి తెలుసండీ. భూమి అమ్మిన మనిషికి ఈ సంగతి ఎట్లా చెప్పాలా అని ఆయన బాధ. తమ్ముడూ, ముందు మీ ఆవిడకి చెప్పు. తర్వాత నాన్నని అడుగు. పెద్దాయన తన చేను ఎందుకమ్మాడో నువ్వు ఊహించుకుంటున్నావు, ఆయన నోటితో ఎప్పుడైనా విన్నావా?

పెన్నతీరం:
లేదక్కా.

సర్జాపుర్‌వాసి:
నేను ఒక్క లైన్ రాసి పోయాను. ఇప్పుడు మొత్తం చదివాను. తొందరపడొద్దు అన్నా.

లెక్కలమనిషి:
ఏది తేల్చుకున్నా ముందు బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తెచ్చుకో, గడువుకి ముందే తీర్చేస్తే చార్జీ ఎంతో అందులో ఉంటుంది. అమ్మేటట్టయితే బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, లోన్ తీరిందని చూపే ఫారం 35 లేకుండా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు పోదు. 31 గడువు చూసి కంగారుపడకు. ఆ రేటు ఫిబ్రవరిలో కూడా వస్తుంది, కాస్త అటూ ఇటూ.

పెన్నతీరం:
ఇందాకే మా ఆవిడకి చెప్పాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. శనివారం ఊరికి పోతున్నాం.

ఆరుసిలిండర్లు:
టైర్లు అరిగాయన్నావు, మెల్లగా వెళ్ళు, బాగేపల్లి దాటాక రోడ్డు ఖాళీగా ఉందని తొక్కొద్దు. ఒక పని చెయ్యి. డోరు మొత్తం తీసి, ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, బటన్ నొక్కి పైకంటా లేపు. మా అమ్మని నేను అట్లాగే ఎక్కించేవాణ్ణి. నాన్నగారు ఎప్పుడూ వెనకేనా కూర్చునేది?

పెన్నతీరం:
ఎప్పుడూ వెనకే. ముందు సీటు కోడలిదంటాడు. ఈసారి ముందు కూర్చోబెడతాను.