వాడని ఇంపోర్ట్‌ను కంపైలర్ ఎలా పసిగడుతుంది?

ప్రశ్న:
రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక ఫైల్‌లో రీడ్, రైట్ అనే రెండు ట్రెయిట్‌లను (టైప్‌లకు ఉండాల్సిన మెథడ్‌ల జాబితాలను) ఇంపోర్ట్ చేశాను, అంటే వేరేచోట నిర్వచించిన ఆ పేర్లను ఫైల్‌లోకి తెచ్చుకున్నాను. ఆ ఇంపోర్ట్‌ల తర్వాత ఉన్న కోడ్‌లో ఆ రెండు పేర్లూ మళ్లీ ఎక్కడా కనిపించవు. అయినా రీడ్‌ను వాడలేదని మాత్రమే కంపైలర్ హెచ్చరించింది, రైట్ జోలికి పోలేదు. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
కంపైలర్ అక్షరాలను వెతకదండీ. కోడ్‌లోని ప్రతి పేరూ ఏ నిర్వచనానికి చెందుతుందో తేల్చే దశలో, ఆ పేరు ఏ ఇంపోర్ట్ ద్వారా వచ్చిందో చూసి, దానిపై వాడినట్లు గుర్తు పెట్టుకుంటుంది. చివరికి ఆ గుర్తు లేనివాటినే వాడనివిగా చూపిస్తుంది. మీరు ఫైల్ మీద రైట్ ట్రెయిట్‌లోని రైట్_ఆల్ మెథడ్‌ను పిలిచి ఉంటారు. అది ఏ ట్రెయిట్‌కు చెందిన మెథడో తెలియాలంటే ఆ పిలుపులో చుక్కకు ముందున్న విలువ టైప్ ముందుగా తెలియాలి కనుక, ట్రెయిట్ ఇంపోర్ట్‌ల విషయంలో కంపైలర్ టైప్ తనిఖీ పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే నిర్ణయిస్తుంది.

రెండో సమాధానం:
పై వివరణ సరైనదే. అయితే వాడకపోవడం వేరు, అనవసరం కావడం వేరు. రస్ట్ 2021 ఎడిషన్ నుంచి ట్రైఫ్రమ్ అనే ట్రెయిట్ ప్రిల్యూడ్‌లోనే (ఇంపోర్ట్ చేయకుండానే అందుబాటులో ఉండే పేర్ల జాబితాలోనే) ఉంది కాబట్టి, దాన్ని విడిగా ఇంపోర్ట్ చేసి వాడినా ఆ వరుస తీసేయవచ్చు. ఇటువంటివాటిని పట్టే లింట్ (కోడ్‌లోని లోపాలను ఎత్తిచూపే తనిఖీ) రస్ట్‌లో విడిగా ఉంది, కానీ మనం కోరితే తప్ప పనిచేయదు. నా దృష్టిలో అదే మంచిది, ఎందుకంటే ఆ వరుస వల్ల నష్టమేమీ లేదు. గో భాషలో మాత్రం వాడని ఇంపోర్ట్ ఉంటే హెచ్చరికతో సరిపోదు, కంపైలేషనే ఆగిపోతుంది. ప్యాకేజీలోని ఇనిట్ ఫంక్షన్ (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానంతట అదే నడిచేది) నడవడం కోసమే ఇంపోర్ట్ చేస్తే, పేరు స్థానంలో అండర్‌స్కోర్ పెట్టి ఆ సంగతి కంపైలర్‌కు చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నేను రైట్_ఆల్ పిలిచిన మాట నిజమే. కానీ హెచ్చరికను నమ్మి రీడ్‌ను తీసేస్తే మామూలు బిల్డ్ సాగింది, టెస్ట్‌లు మాత్రం కంపైల్ కావడం లేదు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
మీ టెస్ట్ మాడ్యూల్ పై మాడ్యూల్‌లోని పేర్లన్నిటినీ నక్షత్రం గుర్తుతో తెచ్చుకుంటూ ఉండాలి. మామూలు బిల్డ్‌లో టెస్ట్ మాడ్యూల్‌ను కంపైలర్ ముందే పక్కకు తీసేస్తుంది కాబట్టి, అందులో జరిగే వాడకం దాని దృష్టికి రాదు. ఆ బిల్డ్ వరకు హెచ్చరిక సరైనదే. రీడ్ ఇంపోర్ట్‌ను టెస్ట్ మాడ్యూల్ లోపల రాయండి, రెండు బిల్డ్‌లూ సాగుతాయి.