చెస్‌లో ఖాయంగా డ్రా అయ్యే ఎండ్‌గేమ్‌లో (ఆట చివరి దశలో) ఇంజిన్ (చెస్ విశ్లేషణ ప్రోగ్రామ్) +5, అంటే తెలుపుకి దాదాపు ఐదు బంట్ల ఆధిక్యం చూపిస్తోంది, ఏం చేయాలి?

తెల్ల బంట్లు ఏ4, బీ5, సీ4, డీ5, ఈ4, ఎఫ్5, జీ4, హెచ్5. నల్ల బంట్లు సరిగ్గా వాటి ఎదురు గళ్లలో. తెల్ల రాజు ఈ2, రూక్‌లు (ఏనుగులు) ఏ1, హెచ్1. నలుపుకి ఈ7లో రాజు ఒక్కడే. ఎత్తు తెలుపుది.

లోపలికి దారే లేదు. రూక్‌ని బీ4లో పెట్టి ఊరించినా నలుపు తీసుకోకపోతే సరి. ఆట కొత్తగా నేర్చుకున్నవాళ్లైనా డ్రా అనేస్తారు. నేను వాడే ఇంజిన్ స్టాక్‌ఫిష్ మాత్రం డెప్త్ (వెతికే లోతు) 40లోనూ తెలుపుకి +5 పైనే ఇస్తోంది. హ్యాష్ (ఇంజిన్ వాడే మెమరీ) 4 జీబీకి పెంచాను, మల్టీపీవీ (ఒకేసారి చూపే ఉత్తమ వరసల సంఖ్య) 3 పెట్టాను, అరగంట వదిలేశాను. ఫలితం లేదు. సిజిజీ టేబుల్‌బేస్ (ఎండ్‌గేమ్‌ల కచ్చితమైన ఫలితాల డేటాబేస్) 7 పావుల వరకే, ఇక్కడేమో 20. ఎత్తులు ఆడిస్తూ పోతే 50 ఎత్తుల నిబంధన (పావు చంపడం గానీ బంటు కదలడం గానీ లేకుండా 50 ఎత్తులు సాగితే డ్రా) దగ్గరపడ్డాకే అంకె సున్నా వైపు దిగుతోంది.

ఇలాంటి కోటను (ఎదుటివాళ్లు లోపలికి చొరబడలేని అమరికను) ముందే గుర్తుపట్టే సెట్టింగ్ గానీ, వేరే ఇంజిన్ గానీ మీకు తెలుసా?