ఇండియాల మెటల్ మ్యూజిక్ పెరిగిందా, 2011లనే ఆగిపోయిందా?

కాజీపేట_జంక్షన్:
హన్మకొండల మా దోస్తుతోని పెద్ద లొల్లి అయింది. వాడేమంటడంటే 2007 మార్చిల ఇంగ్లండ్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు మనకాడ మెటల్ లేచింది, 2011 అక్టోబర్ 30న మెటాలికా గాన్నే వాయించి పోయినంక పండుకుంది, ఇప్పుడున్నదంతా ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ లెక్క యూట్యూబ్ తమాషానే అంటడు. నేనేమో పెరిగిందంటున్న. ఆ బ్లడీవుడ్ పోరలే 2019ల జర్మనీ పోయి వాకెన్ అనే పెద్ద మెటల్ జాతర స్టేజీ ఎక్కిర్రు, 2022ల రక్షక్ ఆల్బం తీసిర్రు, ఇంకేం కావాలె? బ్లాక్ సబ్బత్ సింగర్ ఓజీ ఆస్బోర్న్ పోయిన్నాడు స్టేటస్‌లు పెట్టి ఏడ్సినోళ్లు ఈడ మస్తుమంది ఉన్నరు, అందరు జవాబియ్యాలె.

డబుల్_బాస్:
మీ దోస్తు సగం కరెక్టే తమ్మీ. వాకెన్ వాకెన్ అంటున్నవ్ గని క్రిప్టోస్ ఆడ 2013లనే వాయించిర్రు. బెంగళూరోళ్లు, 1998 నుంచి అదే పాత పద్ధతి హెవీ మెటల్ కొడుతున్నరు, ధోల్ లేదు తలపాగా లేదు. బొంబాయిల డెమోనిక్ రిజరెక్షన్ 2000లనే మొదలుపెట్టిర్రు. వీళ్లను అడిగేటోడు లేడు. బ్లడీవుడ్ షురూ అయిందే పాప్ పాటలకు మెటల్ పేరడీలు చేసుకుంట, తర్వాత ధోల్ పెట్టంగనే తెల్లోళ్లంతా ఎగబడ్డరు. బాగ వాయిస్తరు, కాదనను, కానీ అది పెండ్లి బరాత్‌కు డిస్టార్షన్, అంటే గిటార్ గరగర సౌండ్, తగిలించినట్టు ఉంటది నాకు.

ఎన్ఐటీ_పాతకాపు:
మీరిద్దరూ బ్యాండ్ల గురించే కొట్టుకుంటున్నారు, అసలు వాయించడానికి చోటెక్కడుందండీ? బొంబాయిలో 1986లో మొదలైన ఇండిపెండెన్స్ రాక్ ఫెస్టివల్‌కి రంగ్ భవన్ ఇల్లు లాంటిది, ఓపెన్ ఎయిర్, కుర్రాళ్ల దగ్గరున్న డబ్బులకి టికెట్ దొరికేది. 2000లో శబ్ద కాలుష్యం రూల్స్ వచ్చాయి, ఆస్పత్రికీ బడికీ కోర్టుకీ చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్ అన్నారు, దాని పక్కన కాలేజీ ఉంది ఆస్పత్రి ఉంది, ఇంకేముంది, అక్కడ షోలు పోయాయి. ఇక గుర్గావ్ సంగతి, బెంగళూరు షోకి రెండ్రోజుల ముందు మెటాలికా అక్కడ వాయించాలి, క్యాన్సిల్ అయ్యేసరికి జనం స్టేజీ మీదికెక్కి సామానంతా విరగ్గొట్టారు. ఇలాంటివి చూశాక ఏ ఊళ్లో పోలీసోళ్లు పర్మిషన్ ఇస్తారు?

మన వరంగల్‌లో ఇంకా దారుణం. ఒక కాలేజీ ఫెస్ట్‌లో వాయించాం, పేరెందుకులెండి, సౌండ్ ఆయన రోజూ పెళ్లిళ్లకి డీజే పెట్టేవాడు, డ్రమ్ కిట్ మొత్తానికి రెండు మైకులు ఇచ్చాడు, గిటార్ డిస్టార్షన్ వినగానే స్పీకర్ పోయిందనుకుని పరిగెత్తుకొచ్చి వాల్యూమ్ తగ్గించేశాడు 😂 హైదరాబాద్ దాకా వెళ్తే గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండ్ ఉంది, 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ ఆల్బం తెచ్చారు, విని చూడండి, ఏ దేశపు బ్యాండ్‌కీ తీసిపోదు. ఇక్కడి నుంచి అట్లాంటిది రాదంటే తప్పు కుర్రాళ్లది కాదు.

సిర్ర_చిటికెన:
అన్నా నేను మెటల్ అంత ఎక్కువ వినను, మా తమ్ముడు వింటడు. మాది భూపాలపల్లి దిక్కు, మా నాయన డప్పు కొడ్తడు, నేనూ కొడ్త. బరాత్ అన్న మాట సూసి రాస్తున్న.

పోయినేడు హైదరాబాద్‌ల ఒక బ్యాండోళ్లు రికార్డింగ్‌కు పిలిసిర్రు. డప్పును మంట కాడ కాగబెడితెనే తోలు బిగుస్తది, అప్పుడే కణకణ మోగుతది, సల్లదనం తగిలితే సడలి మొద్దు సప్పుడు ఒస్తది, మళ్ల మంట కాడికి ఉరకాలె. వాళ్లదేమో ఏసీ రూం, మంట పెట్టనియ్యరు, హెయిర్ డ్రయ్యర్ సేతిల పెట్టిర్రు. దాంతోనే కాగబెట్టి కొట్టిన. ఒకట్రెండు టేకులు కాంగనే సాలన్నా, మిగిలింది మేం లూప్ చేసుకుంటం అన్నరు. తర్వాత వీడియో సూస్తే డప్పు పట్టుకున్నది ఎవడో మోడల్ పోరడు, సిర్ర ఏ సేతిల పట్టాల్నో, చిటికెన పుల్ల ఏ సేతిల పట్టాల్నో గూడ తెల్వదు వానికి. నా పేరు కింద రాయను గూడ రాయలే.

సావుకు మేం కావాలె, జాతరకు మేం కావాలె, ఇప్పుడు మెటల్‌కు మా సప్పుడు కావాలె, స్టేజీ మీద మాత్రం మేం వద్దు. సీన్ పెరిగింది అంటున్నరు గద, ఎవలకు పెరిగింది?

కాజీపేట_జంక్షన్:
అన్నా నువ్వన్నది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ బ్లడీవుడ్‌ను ఆ లెక్కల కట్టకు, వాళ్ల ధోల్ కొట్టేటాయన బ్యాండ్ మెంబరే, లైవ్‌ల అందరితోపాటు స్టేజీ మీదనే ఉంటడు. నేను పెరగడం అన్నది దాన్నే. డబుల్_బాస్ అన్నకేమో ఇంగ్లీషుల అరిస్తెనే అసలైన మెటల్. ఇది పుట్టిందే బర్మింగ్‌హాం ఫ్యాక్టరీలల్ల గదనే, బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ రేకుల కార్ఖానాల పని ఆఖరి రోజు మిషన్ల పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకుండు, ప్లాస్టిక్ సీసా కరగబెట్టి తొడుగులు చేసుకొని మళ్ల గిటార్ పట్టిండు, తర్వాత నొప్పి తగ్గాలని తీగెలు వదులు చేసి వాయిస్తే ఆ బరువు సౌండ్ ఒచ్చింది. గోదావరిఖనిల బొగ్గుబాయి పని చేసేటోళ్ల పిల్లలకు ఆ సౌండ్ అర్థం కాదా?

డబుల్_బాస్:
ఇంగ్లీష్ అని నేనెక్కడన్న? తెలుగుల చేసినా వింట. నేననేది రిఫ్ గురించి, అంటే పాటల మళ్ల మళ్ల ఒచ్చే గిటార్ ముక్క, రిఫ్ లేకుంటే మెటల్ లేదు, దాని పక్కన డప్పు పెట్టినా వీణ పెట్టినా అది మసాలానే. సిర్ర అన్నా, నీకు జరిగింది మాత్రం అన్యాయం, వాళ్లు మెటల్ వాయించినా భజన వాయించినా అన్యాయమే.

సిర్ర_చిటికెన:
మసాలా అంటున్నవ్. మా తమ్ముడు నీ రిఫ్ కిందికి డ్రమ్స్ బదులు మా సావు దరువు పెట్టి ఫోన్లనే ఏదో చేసిండు, గిటార్ దరువు ఎంబడి ఉరుకుతది, దరువు గిటార్ ఎంబడి కాదు.

డబుల్_బాస్:
పెట్టు లింకు. బాగ లేకుంటే తిడ్త, ముందే చెప్తున్న.

సిర్ర_చిటికెన:
తిట్టు. కానీ ఈయర్‌ఫోన్స్‌ల విను, ఫోన్ స్పీకర్ల సిర్ర దెబ్బ వినపడదు. రాత్రికి పెడ్త.