ఇంకా మెరుగవ్వాల్సిన కొత్త ఫిల్ముని మనం ఇప్పుడే కొనాలా?

రామ్‌కోఠి రీలు

మా నాన్న పాత ఫిల్ము కెమెరా, పెంటాక్స్ కే1000, బాగు చేయించి రెండేళ్ళయింది. పోయిన ఆదివారం మా నానమ్మని కుతుబ్ షాహీ సమాధులు చూపించడానికి తీసుకెళ్ళాను. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. ఆ మోకాళ్ళతో మళ్ళీ అంత దూరం వస్తుందో రాదో తెలియదు. కెమెరాలో ఈమధ్యే మార్కెట్లోకి వచ్చిన ఒక కలర్ ఫిల్ము ఉంది. తప్పు ఎవరిదో ఇంకా తేలలేదు కాబట్టి దాని పేరు రాయడం లేదు.

నిన్న స్కాన్లు వచ్చాయి. నానమ్మ కమాను కింద కూర్చుని ఉంటే వెనక ఎండలో గుమ్మటం. ఆవిడ తెల్ల చీర సున్నం కొట్టిన గోడలా ఉంది. మొహం నల్లగా మసి పూసినట్టు ఉంది. ముప్పై ఆరింటిలో ఆవిడవి పదకొండు తీశాను, ఒక్కటి కూడా ఫ్రేము కట్టించేలా లేదు. రాత్రంతా మనసు బాగోలేదు.

నా ప్రశ్న ఇది. "ఇది మా మొదటి అడుగు, మున్ముందు ఇంకా బాగా చేస్తాం" అంటూ కొత్త ఫిల్ములు వస్తున్నాయి. మనం కొని ఆ తయారీదారుల్ని నిలబెట్టాలా? లేక పూర్తిగా కుదురుకున్నాకే కొనాలా?

కూకట్‌పల్లి క్లిక్

కొనొద్దు. ఈ మాట కోపంతో అనడం లేదు. పద్దెనిమిదేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను, మొదటి కొన్నేళ్ళు ఫిల్ము మీదే తీశాను. తలంబ్రాలు పోసే క్షణం రెండోసారి రాదు. కాబట్టి ఫిల్ముకి ముందు ఉండాల్సింది ఓర్పు. నేను టెన్షన్‌లో రెండు స్టాపులు, అంటే నాలుగింతలు, ఎక్కువ వెలుతురు ఇచ్చేసినా కొడాక్ పోర్ట్రా 400 ఫిల్ము ఓర్చుకుంటుంది, బొమ్మ నిలబెడుతుంది. ఆ ఓర్పు లేని ఫిల్ముని పరీక్షలకు వాడుకోవచ్చు, నానమ్మ ఫొటోకి మాత్రం వద్దు.

ఇంకోటి. కొత్త డబ్బాలో వచ్చిందల్లా కొత్త ఫిల్ము కాదు. సినీస్టిల్ 800టి అనే ఫిల్ము సంగతే చూడండి. అది కొడాక్ సినిమా ఫిల్ము విజన్3 500టి. వెనకున్న రెమ్‌జెట్ అనే నల్ల పూత తీసేసి, మామూలు కలర్ ఫిల్ములు కడిగే సీ-41 మందుల్లోనే కడిగేలా చేశారు. ఆ పూత లేకపోవడం వల్లే దీపాల చుట్టూ ఎర్రటి వెలుగు అలుముకుంటుంది. రంజాన్ రాత్రి లాడ్ బజార్ గాజుల దుకాణాల ముందు తీస్తే చాలా అందంగా ఉంటుంది, కాదనను. కానీ కొనేవాడికి తను కొంటున్నది ఏమిటో తెలియాలి కదా.

లాలాగూడ స్టూడియో

అమ్మా, ముందు నానమ్మగారికి నా నమస్కారం చెప్పు.

క్లిక్ గారితో నేను ఏకీభవించలేను. సికింద్రాబాద్‌లో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపాను. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అని ప్రభుత్వ కంపెనీ ఉండేది, 1960లో పెట్టారు. ఇందు అనే పేరుతో మన ఫిల్ము వచ్చేది. నా కౌంటర్ మీద ఇందు డబ్బాలు, పక్కనే విదేశీ డబ్బాలు పెట్టేవాణ్ణి. వచ్చినవాళ్ళు విదేశీదే అడిగేవారు, నేను కూడా అదే చేతికిచ్చేవాణ్ణి. "మనది కూడా ఒక రోలు వాడి చూడండి" అని నా నోటితో ఎన్నడూ అనలేదు. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు. అది మూతపడటానికి కారణాలు చాలా ఉంటాయి, నా కౌంటర్ ఒక్కటే కాదు. అయినా ఆ మాట అననందుకు ఇప్పటికీ బాధ పడుతూనే ఉన్నాను.

ఫిల్ము తయారీ ఇంట్లో అప్పడాలు వత్తడం లాంటిది కాదు. చిమ్మచీకట్లో, మైళ్ళ పొడవు ప్లాస్టిక్ మీద, వెంట్రుక కన్నా పల్చగా పొరమీద పొర పూయాలి. కలర్‌కైతే ఆ పొరలు ఇంకా ఎక్కువ. అలాంటి యంత్రం ఒకసారి ఆగితే మళ్ళీ తిప్పడం మాటలు కాదు. కొడాక్ ఎక్టాక్రోమ్ ఫిల్ము 2012లో ఆగిపోయింది, 2018లో మళ్ళీ వచ్చింది. ఫ్యూజీ ఆక్రోస్ 2018లో ఆపేశారు, మరుసటి ఏడాదే ఆక్రోస్ 2 వచ్చింది. కొనేవాళ్ళు ఉన్నారని నమ్మకం కుదిరింది కాబట్టే వచ్చాయి.

హార్మన్ వాళ్ళు ఇంగ్లండ్‌లోని మాబర్లీలో ఇల్ఫర్డ్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములు చేస్తారు. 2023 డిసెంబరులో ఫీనిక్స్ 200 అని సొంత కలర్ ఫిల్ము తెచ్చారు. కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) ఎక్కువ, గింజ (బొమ్మలో కనబడే సన్న చుక్కలు) ఎక్కువ, ఓర్పు తక్కువ. ఇది ప్రయోగమేనని ముందే చెప్పి అమ్మారు. 2025లో దాన్ని మార్చి ఫీనిక్స్ 2 తెచ్చారు. మొదటిదాన్ని ఎవరూ కొనకపోతే రెండోది వచ్చేదా?

కూకట్‌పల్లి క్లిక్

పెద్దాయన మాటకి ఎదురు చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ సార్, మీరు చెప్పినదాంట్లోనే నా వాదన కూడా ఉంది. ప్రయోగమని చెప్పి అమ్మితే కొనేవాడు ఆలోచించుకుంటాడు. ఆ మాట డబ్బా మీద కనబడాలి, వెబ్‌సైట్‌లో ఏ మూలో ఉంటే చాలదు. ఇక్కడ రెండు మూడు చేతులు మారి వచ్చిన రోలు కొనే పిల్లలకి అదెవరు చెబుతారు?

బాత్‌రూమ్ ల్యాబ్

వాదన తర్వాత. రీలు గారూ, ముందు మీ నెగెటివ్, అంటే కడిగిన ఫిల్ము, బయటకు తీయండి. స్కాన్ చూసి ఫిల్ముని తిట్టడం, జెరాక్స్ చూసి చేతిరాతని తిట్టడం లాంటిది.

మామూలు కలర్ నెగెటివ్‌కి నారింజ రంగు ఛాయ ఉంటుంది. ల్యాబుల్లో స్కానర్లు ఆ నారింజని తీసేసే లెక్కతోనే పని చేస్తాయి. ఫీనిక్స్ లాంటి వాటికి ఆ ఛాయ లేదు, నెగెటివ్ కొంచెం ఊదాగా కనిపిస్తుంది. ఆపరేటరు పాత సెట్టింగుతో తోసేస్తే రంగులు ఎటో పోతాయి, కాంట్రాస్ట్ ఇంకా పెరుగుతుంది.

ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని చూడండి. తెల్ల చీర నెగెటివ్‌లో నల్లగా ఉంటుంది. ఆ నలుపులో చీర మడతలు, అంచు గీత కనిపిస్తున్నాయా? కనిపిస్తే చీర బతికే ఉంది, స్కాన్‌లోనే పోయింది. తర్వాత మొహం ఉన్న చోటు చూడండి. అది నెగెటివ్‌లో పల్చగా ఉంటుంది. అక్కడ కళ్ళు, ముక్కు ఆనవాలు ఉందా, లేక గాజులా ఖాళీగా ఉందా?

రామ్‌కోఠి రీలు

ఇప్పుడే చూశాను, చేతులు వణికాయి. చీర అంచు స్పష్టంగా ఉంది! ఆవిడ భుజం మీద పిన్నీసు కూడా కనబడుతోంది. కానీ మొహం ఏడు ఫ్రేముల్లో ఖాళీ. నాలుగింటిలో మాత్రం కళ్ళద్దాల గీత, బొట్టు లీలగా ఉన్నాయి.

బాత్‌రూమ్ ల్యాబ్

అయితే ఆ నాలుగూ కొంతవరకు దక్కుతాయి. లైట్ ప్యానెల్ మీద పెట్టి డిజిటల్ కెమెరాతో తీసి, ఒక్కో రంగుని విడిగా సరిచేయాలి. మిగతా ఏడింటిలో వెలుతురే పడలేదు, వాటిని ఎవరూ ఏమీ చేయలేరు.

కే1000లో వెలుతురు కొలిచే మీటరు ఫ్రేమంతటినీ కలిపి కొలుస్తుంది. వెనక మధ్యాహ్నం ఎండలో గుమ్మటం, ఆకాశం ఉన్నాయి. మీటరు వాటిని చూసి చాలా వెలుతురు ఉందనుకుంది, మీరు సూదిని మధ్యకు తెచ్చి నొక్కారు. దగ్గరికి వెళ్ళి నీడలో ఉన్న మొహానికి కొలిచి, ఆ సెట్టింగు మార్చకుండా వెనక్కి వచ్చి తీయాల్సింది. క్లిక్ గారు చెప్పిన ఓర్పున్న ఫిల్ములో కూడా ఇంత తక్కువ వెలుతురుకి మొహం పూర్తిగా దక్కేది కాదు. ఎక్కువైతే కలర్ నెగెటివ్ మోస్తుంది, తక్కువైతే మోయలేదు.

నా ఓటు కొత్త బ్లాక్ అండ్ వైట్‌కి. 2025లో వచ్చిన కెంట్‌మేర్ పాన్ 200 మన ఎండకి సరిగ్గా సరిపోతుంది. నడినెత్తిన సూర్యుడుంటే లెన్సు ఎఫ్/16, షట్టరు 1/250 పెట్టండి, మీటరు లేకపోయినా పర్వాలేదు. పాత కెమెరాల్లో వేసే వెడల్పాటి 120 సైజులో కూడా ఉంది, తాతల నాటి ఆగ్ఫా క్లిక్ 3 ఇంట్లో ఉన్నవాళ్ళకి అది మంచి వార్త. ఇంట్లోనే కడగొచ్చు. కాకపోతే మే నెలలో మన ట్యాంకు నీళ్ళు మరిగినట్టే ఉంటాయి, మందు 20 డిగ్రీలకు దిగాలంటే బకెట్లో ఐసు వేసి కూర్చోవాలి. నేను థర్మామీటరు పట్టుకుని అరగంట అలాగే కూర్చుంటాను. అదేమీ నాకు కష్టంగా అనిపించదు.

కూకట్‌పల్లి క్లిక్

సరే, ఈ ఫొటోకి ఫిల్ముని నిందించను. కానీ నా మొదటి మాట మార్చుకోను. మళ్ళీ తీసే వీలున్నప్పుడే కొత్త ఫిల్ము. రీలు గారూ, ఒకే ఊళ్ళో ఉన్నాం కదా. ఆ నాలుగు ఫ్రేములు స్కాన్ చేయడానికి నా లైట్ ప్యానెల్, మ్యాక్రో లెన్సు తెచ్చిస్తాను.

రామ్‌కోఠి రీలు

అందరికీ చాలా థ్యాంక్స్. క్లిక్ అన్నా, శనివారం వీలైతే చెప్పండి.

నా ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది: కొత్త ఫిల్ము కొంటాను, నెలకి ఒకటి, కానీ చార్మినార్ మీదో ట్యాంక్‌బండ్ మీదో ఖర్చు చేస్తాను. నానమ్మకి మాత్రం ఎప్పట్నుంచో ఉన్న కొడాక్ గోల్డ్ 200. ఇందాక ఆవిడకి నెగెటివ్ చూపించి ఫొటోలు పోయాయని చెప్పాను. ట్యూబ్‌లైట్ కింద చాలాసేపు చూసి, "చీర బాగా పడింది కదే, ఈసారి పొద్దున్నే వెళ్దాం, ఎండకి కళ్ళు తెరవలేకపోయాను" అంది.

లాలాగూడ స్టూడియో

పొద్దున్న ఏడు గంటలకి వెళ్ళండి అమ్మా. కమాను లోపల కాదు, మెట్ల మీద కూర్చోబెట్టు. వెలుతురు పక్క నుంచి మెత్తగా మొహం మీద పడుతుంది. నా దగ్గర పాత సెకోనిక్ లైట్ మీటరు ఉంది, ఇప్పటికీ సరిగ్గానే చూపిస్తుంది. ముందు రోజు వచ్చి తీసుకెళ్ళు.