బాప్తిస్మం తీసుకున్నానని ఇంట్లోవాళ్లు దూరం పెట్టారు, చెల్లి నిశ్చితార్థానికి వెళ్లాలా?

గుంటూరు అమ్మాయి:
అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, ఇంట్లో అందరూ హిందువులే. గుంటూరులో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకుంటూ ఫ్రెండ్‌తో చర్చికి వెళ్లడం మొదలుపెట్టి, నమ్ముకుని, పోయినేడాది బాప్తిస్మం తీసుకున్నా. తెలిసిన రోజే నాన్న "మా గడప తొక్కొద్దు" అన్నారు. ఫ్యామిలీ గ్రూపులోంచి కూడా తీసేశారు. నాన్న పొలం వెళ్లాక అమ్మ మాత్రం పక్కింటి పిన్ని ఫోన్ నుంచి చేసి "తిన్నావా" అని అడిగి పెట్టేస్తుంది. ఇప్పుడు చెల్లి నిశ్చితార్థం, నాకు పిలుపు లేదు. ప్రార్థన చేసుకున్నంతసేపు నెమ్మదిగా ఉంటుంది, లేచాక మళ్లీ ఏడుపే. నా విశ్వాసమే తక్కువా? ఇలాంటిది దాటినవాళ్లు చెప్పండి.

రాజమండ్రి అన్న:
చెల్లీ, మా ఇంట్లో అయితే నాకు కంచం, గ్లాసు కూడా వేరు పెట్టారు. బైబిల్లో కీర్తన 27:10 చదువుకుని పడుకునేవాణ్ణి, తల్లిదండ్రులు విడిచినా దేవుడు చేరదీస్తాడనే మాట. అంతమాత్రాన ఇంటివాళ్లని మనం వదిలేయమని కాదు. బైబిల్లో యోసేపునే చూడు, సొంత అన్నలే 20 తులాల వెండికి అమ్మేశారు కదా, ఏళ్ల తర్వాత ఐగుప్తులో పెద్ద అధికారి అయ్యాక తమ్ముడు బెన్యామీను కనపడేసరికి ఆగలేక లోపలి గదిలోకెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి భోజనం వడ్డించమన్నాడు. అంతటివాడే ఏడ్చాడు, నువ్వేడిస్తే విశ్వాసం తక్కువని ఎవరన్నారు? పిలవకుండా మాత్రం వెళ్లకు, పదిమందిలో మీ నాన్న తగ్గలేరు. ముందు చెల్లికి ఫోన్ చెయ్యి.

వాన చినుకు:
నేను హిందువునే, మా అక్క మతం మారింది. మా కోపం ఆవిడ దేవుడి మీద కాదండీ. సత్యనారాయణ వ్రతం రోజు అమ్మ ప్రసాదం పెడితే తోసేసి, చుట్టాలందరి ముందు విగ్రహాలంటూ క్లాసు పీకింది. తినకపోతే మానేయండి, ఆ ముక్క వంటింట్లో అమ్మకి ముందే చెప్పుకుంటే సరిపోతుంది. మీ నాన్నగారికి ఊళ్లో ఏమనుకుంటారో అన్న టెన్షనే ఎక్కువ ఉండొచ్చు.

నల్లకోటు:
ఎవరైనా "మతం మారావు, ఆస్తిలో వాటా పోయింది" అంటే నమ్మకమ్మా. మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదని 1850లోనే చట్టం చేశారు. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 26 అడ్డం పెట్టేది మారినవాళ్లకు కాదు, మారాక వాళ్లకు పుట్టే పిల్లలకు. నాన్నగారి స్వార్జితం మాత్రం ఆయన వీలునామా ఎవరి పేరునైనా రాసుకోవచ్చు. ఇప్పుడు ఆ ఊసెత్తకు, కానీ వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల కాగితాలేవైనా పంపితే లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకు.

గుంటూరు అమ్మాయి:
చెల్లికి చేశా. "ఫంక్షన్‌కి వద్దులే అక్కా, గొడవవుతుంది, శనివారం చీరలకి గుంటూరు వస్తున్నాం, నువ్వు షాపు దగ్గరుండు" అంది. అమ్మ కూడా వస్తుందంట! నాన్నకి ఓ చొక్కా కొని పంపించనా, ఇంకా కోపమొస్తుందా?

రాజమండ్రి అన్న:
కొను. ఇవ్వడం ఎప్పుడో అమ్మకి వదిలెయ్.