పాత బాణీ వాడుకుంటే కాపీయా, వారసత్వమా?

గోదారిగట్టు:
ఈమధ్య యూట్యూబ్‌లో వచ్చే ప్రైవేట్ జానపదాలు వరసగా వింటున్నాను. సగం పైగా ఎక్కడో విన్నట్టే ఉంటున్నాయి. డప్పు మారుతుంది, కీబోర్డ్ బిట్ మారుతుంది, పల్లవి ఎత్తుగడ మాత్రం అదే. కొత్తగా కట్టేవాళ్లు లేరా, లేక మనం ఎప్పుడూ ఇలాగే పాడుకుంటూ వచ్చామా? తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రుతిలయ:
ఇలాగే పాడుకుంటూ వచ్చాం. కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులవారు ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు. నొట్టుస్వరాలంటే అవే. ‘సంతతం పాహిమాం’ పాడి చూడండి, బ్రిటిష్ వాళ్ల జాతీయగీతం వినిపిస్తుంది. ఆయన్ని కాపీ కొట్టారని ఎవరైనా అనగలరా? నేను పదిహేడేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. మొదటి రోజు నుంచీ నేను పాడింది పాడినట్టు అనమంటాను. అనుకరించకుండా సంగీతం ఎవరికీ రాదు.

కీబోర్డ్ శీను:
నేర్చుకోవడానికి అనుకరించడం వేరు, అమ్ముకోవడానికి వేరు మేడమ్. నేను ఫంక్షన్ బ్యాండ్‌లో వాయిస్తాను. రోజూ పాత పాటలే, కానీ ఫలానా సినిమాలోది అని మైకులో చెప్పాకే మొదలుపెడతాం. మొన్న రెండు కొత్త హిట్లు పక్కపక్కన వాయించి చూశాను. మొదటి రెండు లైన్లలో ఒక్క స్వరం తేడా లేదు. చివర చిన్న సంగతి, అంటే ఓ స్వరాల మెలిక, తగిలించి ‘సంగీతం’ అని పేరు వేసుకున్నారు.

శ్రుతిలయ:
మీరు చెప్పే పాటలు నేనూ విన్నాను. రెండూ మోహన రాగం. ఉన్నవే ఐదు స్వరాలు, స రి గ ప ధ. పోలిక రాకుండా ఎలా ఉంటుంది? ‘లాహిరి లాహిరి’ కూడా మోహనే.

కీబోర్డ్ శీను:
నేను రాగం గురించి అనలేదు.

శ్రుతిలయ:
రాగం గురించే వస్తుందండీ. రాగం ఎవరి సొత్తూ కాదు. దాని పట్టుకొమ్మల్లాంటి స్వరాల కూర్పులు అందరి పాటల్లోనూ వస్తాయి.

వేపచెట్టు:
ఇద్దరూ మోహన దగ్గరే ఆగిపోయారు. అడిగింది జానపదం గురించి.

కీబోర్డ్ శీను:
ఆగింది నేను కాదన్నా. సరే, ‘లాహిరి’ మాటే తీసుకుందాం. 1957లో వచ్చిన మాయాబజార్ టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల. కానీ ఆ పాటతో సహా నాలుగు బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారు కట్టి వదిలేసినవని పాటలు తెలిసినవాళ్లంతా చెబుతారు. మిస్సమ్మలో ‘బృందావనమది అందరిది’ బాణీ కూడా ఆయనదే. హిందీలో దాన్నే మిస్ మేరీగా తీసినప్పుడు సంగీతం హేమంత్ కుమార్, ఆ పాటకు మాత్రం మన బాణీయే. బాణీ వాడుకున్నందుకు నాకు బాధ లేదు. అది ఎవరిదో చెప్పడానికి నోరు రాదే, అదీ బాధ.

లా చదువుతున్నా:
ఇలాంటిదే ఒక కేసు ఉంది. పొన్నియిన్ సెల్వన్-2 సినిమాలోని ‘వీర రాజ వీర’ పాట తమ ఇంటి ‘శివ స్తుతి’ నుంచి తీసుకున్నారని హిందుస్తానీ ధ్రుపద్ గాయకుల డాగర్ కుటుంబం ఏ.ఆర్. రెహమాన్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో మధ్యంతర ఉత్తర్వు వాళ్లకు అనుకూలంగా వచ్చింది, సెప్టెంబరులో అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసింది. పాడినంత మాత్రాన స్వరపరిచింది వాళ్లేనని తేలదన్నది అక్కడ ముఖ్యమైన మాట. మన చట్టంలో హక్కు కట్టినవాళ్లు బతికున్నన్నాళ్లు, ఆపైన 60 ఏళ్లు. ఎవరు కట్టారో తెలియని పాటకు ఈ లెక్క ఎక్కడ మొదలుపెడతాం?

శ్రుతిలయ:
నేనంటున్నదీ అదే. రుజువు లేకుండా అందరినీ దొంగలనకూడదు. శీనుగారూ, మీ దగ్గర ఏం రుజువుంది?

కీబోర్డ్ శీను:
ఉంది మేడమ్. 2019లో ఒక స్టూడియోలో నా ట్యూన్ వినిపించాను. హమ్ చేసి ఫోన్‌లో రికార్డ్ చేసిన ఫైల్ ఇంకా నా దగ్గరే ఉంది, తేదీతో సహా. బాగుంది, కబురు చేస్తామన్నారు. ఆరు నెలలకు మా ఊరి పెళ్లి బరాత్‌లో డీజే అదే ట్యూన్ వేశాడు. నేను బండి పక్కనే నిలబడి ఉన్నాను. మా పాప ‘నాన్నా, ఇది నీ పాట కదా’ అంది. దానికి ఏం చెప్పాలి? మోహన రాగంలో ఐదే స్వరాలుంటాయమ్మా అని చెప్పాలా?

శ్రుతిలయ:
గొంతు పెంచకండి. నేను మీ శత్రువుని కాదు.

ఉయ్యాల:
అక్కా, అన్నా, నన్నొక మాట చెప్పనియ్యండి. మాది నల్గొండ దిక్కు. మా అమ్మమ్మ బతుకమ్మ ఆడేటప్పుడు ఒక పాట ఎత్తేది. మూడో చరణంలో ‘ఉయ్యాలో’ దగ్గర ఊపిరి ఆపి, ఒక చప్పట్టు పోనిచ్చి అందుకునేది. మోకాళ్లు నొచ్చేవి కాబట్టి అక్కడ ఒక్క అడుగు ఆగేది, అంతే. ఎవరో వచ్చి ఫోన్‌లో తీసుకుపోయారు. పాట వచ్చింది, ఆ ఆగుడు కూడా అట్లనే ఉంది. కింద ‘రచన, బాణీ’ అని వేరే పేరు. పాట మా అమ్మమ్మ కట్టిందని నేననను, వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుంది. ‘సేకరణ’ అని రాసి మా ఊరి పేరు వేస్తే చాలు. ‘సారంగ దరియా’ అప్పుడు కూడా సేకరించింది నేనని ఒక అక్క ముందుకొస్తే నానా మాటలన్నారు.

వేపచెట్టు:
రచన, సేకరణ. ఒక్క మాట తేడా.

శ్రుతిలయ:
రాత్రంతా ఆలోచించాను. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరే ఉంది, స్వరం లేదు. ‘నానాటి బతుకు నాటకము’ రేవతి రాగంలో పాడుకుంటున్నామంటే అది గాయకులు నేదునూరి కృష్ణమూర్తిగారు కట్టిన బాణీ. మా గురువుగారు కూడా కొన్ని కీర్తనలకు బాణీలు కట్టారు. వాటిని ఇప్పుడు కచేరీల్లో రాగం, తాళం చెప్పి పాడేస్తారు, ఆయన పేరు రాదు. నేనూ చెప్పలేదు. అడిగితే ‘స్వామి పాట, నా పేరెందుకు’ అనేవారు. పేరు అడగడం తప్పని అలా నేర్చుకున్నాను. అందుకే మీరు పేరు పేరు అంటుంటే నాకు కోపం వచ్చింది.

కీబోర్డ్ శీను:
ఆయన వద్దనుకున్నారు మేడమ్. నన్ను ఎవరూ అడగలేదు. రెండూ ఒకటి కావు. ఆయన కట్టినవి ఏవేవో రాయండి, మా బ్యాండ్‌లో భక్తి పాటలప్పుడు పేరు చెప్పి వాయిస్తాను.

శ్రుతిలయ:
మూడు కచ్చితంగా తెలుసు. మిగతావి ఆయన చేత్తో స్వరం రాసిచ్చిన నోటుబుక్కులో ఉండాలి. అది మా అక్క ఇంట్లో ఉంది. ఆదివారం వెళ్తాను. ఉయ్యాలా, మీ అమ్మమ్మగారి పేరు, ఊరు రాయమ్మా. పిల్లలకు ఆ పాట నేర్పేటప్పుడు చెబుతాను.